అద్దం ముందు అరగంట

చెల్లే, నువ్వు పంపిన ఫోటో చూశాను. చిన్న పిడి, పిడి కొనకు దొర్లే చక్రం, చక్రం నిండా సన్నని సూదులు. డబ్బా మీద 540 సూదులనీ, 0.5 మిల్లీమీటర్లనీ అచ్చేసి ఉంది. "అక్కా, ఇది రాత్రిపూట మొహం మీద దొర్లిస్తే మొటిమల గుంటలు పోతయంట. సెల్ఫ్ కేర్ అంటున్నరు. పెట్టుకోవాల్నా, ఒద్దా?" అని అడిగావు. ఎల్లారెడ్డిలో నువ్వొక్కదానివే కాదు, ఇక్కడ కామారెడ్డిలోనూ ఇదే అడిగే చెల్లెళ్లున్నారు. కొన్ని వందల రూపాయలకే పార్సిల్ గడప దాకా వస్తోంది. దాన్ని ఎలా వాడాలో, ఎవరు వాడకూడదో చెప్పేవాళ్లు మాత్రం వెంట రావడం లేదు. అందుకే జవాబు వాట్సాప్‌లో నీకొక్కదానికే పెట్టకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందే నా మాట చెప్పేస్తాను. పనులన్నీ అయ్యాక నీకోసం నువ్వు ఉంచుకున్న ఆ రాత్రి అరగంటను ఎవరేమన్నా వదులుకోకు. ఆ అరగంటలో సూదుల రోలర్ ఉండి తీరాలని మాత్రం ఏమీ లేదు. కావాలనే నీకుంటే 0.25 మిల్లీమీటర్లు దాటినది ముట్టుకోకు. గుంటలు తగ్గాలంటే అది ఇంట్లో తెమిలే పని కాదు, చర్మ డాక్టరు చేయాల్సిన పని. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను, తీరిగ్గా విను.

మన ఇళ్లలో ఆడదాని ఒంటిమీద ఎవరైనా శ్రద్ధగా చెయ్యి వేసేది ఎప్పుడు? పెళ్లికి ముందు నలుగు పెట్టినప్పుడు. బాలింతగా ఉన్నప్పుడు. పుట్టింటికి పోతే అమ్మ తలకు నూనె రుద్దినప్పుడు. మిగతా ఏళ్లంతా మన చేతులు ఇంకొకరికి పనిచేస్తూనే ఉంటాయి. మన జిల్లాలో బీడీలు చేసే అక్కల్ని చూడు. వంట, పిల్లల బడి అయ్యాక చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. వంచిన మెడ మళ్లీ ఎత్తేది పొద్దుగూకినంక. పోచారం కాల్వ కింద నాట్లకు పోయేవాళ్లకైతే పైన ఎండ, మడి నీళ్ల మీంచి మొహానికి తిరిగి కొట్టే ఎండ, రెండూ. అలాంటి ఇంట్లో ఒక పిల్ల రాత్రి తొమ్మిదింటికి తలుపు దగ్గరికేసుకుని అద్దం ముందు కూర్చుంటే "సోకులు ఎక్కువైనయ్" అనే మాట ఎక్కడో ఒక మూల నుంచి వస్తుంది. ఆ మాటను నేను ఒప్పుకోను. మొహం కడుక్కుని, మెత్తగా ఒత్తుకుని, కాసింత క్రీము రాసుకుని, ఎవరూ పిలవని కాసేపు ఊరికే కూర్చోవడం మనిషికి కావలసినదే. పగలంతా పదిమందికి చేసిన ఒంటికి ఆ మాత్రం మన్నన ఉండాలి.

ఇక సూది సంగతి. చర్మాన్ని సూదితో పొడవడం మన ఊళ్లకు కొత్త కాదు. నాయనమ్మల ముంజేతుల మీద, గాంధారి వైపు తండాల్లో లంబాడా ముసలమ్మల గదవ మీద పచ్చబొట్లు నువ్వూ చూసే ఉంటావు. మైక్రోనీడ్లింగ్ అనే ఈ సూదుల వైద్యం పుట్టుకలో కూడా పచ్చబొట్టుకు చోటుంది. కెనడాలో కామిరాండ్, డూసే అనే ఇద్దరు తెల్లబడిన గాయపు మచ్చలు కనపడకుండా వాటిమీద చర్మం రంగులో పచ్చబొట్టు వేసేవారు. ఒకటి రెండేళ్లకు రంగు వెలిసిపోయింది, మచ్చలు మాత్రం మెత్తబడి ముందుకన్నా బాగయ్యాయి. రంగు వల్ల కాదు, సూది పోట్ల వల్లే చర్మం మారిందని వాళ్లు గ్రహించి, రంగు లేకుండా ఒట్టి సూదితోనే చేసి 1997లో ఆ సంగతి రాశారు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ సూదులను దొర్లే చక్రానికి బిగించి ఈ రోలర్ రూపానికి తెచ్చాడు. నీ చేతికొచ్చిన వస్తువు వెనక ఇంత కథ ఉంది. మొదటి నుంచీ అది ఆపరేషన్లు చేసే డాక్టర్ల చేతిలో పుట్టి పెరిగిన పనిముట్టు.

అది పనిచేసే తీరు ఇదీ. సూది దిగిన చోటల్లా చిన్న గాయమవుతుంది. గాయం కాగానే రక్తంలోని ప్లేట్‌లెట్లు అక్కడికి చేరి, చర్మాన్ని బాగుచేయమని కణాలను పురమాయించే పదార్థాలను వదులుతాయి. దాంతో కొత్త కొల్లాజెన్ తయారవుతుంది. చర్మానికి బిగువునిచ్చే దారాలు ఈ కొల్లాజెన్‌వే. ఇది నెలల మీద జరిగే పని. రీళ్లలో చూపించినట్టు వారానికే మొహం మారిపోదు.

ఇక్కడ లోతు సంగతి తెలుసుకోవాలి, అసలు కీలకం అదే. మన మొహం మీది పైపొర మందం సుమారు 0.1 మిల్లీమీటరు. కొల్లాజెన్ ఉండేది దాని కింది పొరలో. డాక్టర్లు మొటిమల గుంటలకు వాడే సూది సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు మొద్దుబారే క్రీము పూసి, అరగంటో ముప్పావుగంటో ఆగి, మొహమంతా సన్న రక్తపు చుక్కలు పొడిచేదాకా దొర్లిస్తారు. తిరిగి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మరో విడత. అలా మూడు నాలుగు విడతలైనా పడుతుంది. 2009లో శ్రీనగర్ డాక్టరొకరు మొహం మీద గుంటలున్న 37 మందికి ఇలా విడతలవారీగా చేశారు. చివరిదాకా వచ్చిన 36 మందిలో 34 మందికి గుంటల తీవ్రత ఒకటి రెండు మెట్లు తగ్గింది. మంచి ఫలితమే. అయితే అది డాక్టరు చేతిలో వచ్చిన ఫలితం. అందులోనూ వెడల్పుగా, అంచులు వాలినట్టుండే గుంటలు బాగా తగ్గుతాయి. సన్నగా లోతుకు దిగినవి రోలర్‌కు అంతగా లొంగవు, వాటికి వేరే పద్ధతులున్నాయి.

ఇంట్లో వాడే 0.25 మిల్లీమీటర్ల సూది ఏం చేస్తుందంటే, పైపొరలో సన్న దారులు చేస్తుంది. చర్మం సాగుతుంది కాబట్టి ఆ పొడవు కూడా పూర్తిగా లోపలికి దిగదు. రాసుకున్న క్రీము కొంచెం ఎక్కువ లోపలికి పోతుంది, ఒకటి రెండు రోజులు చర్మం నిండుగా, నున్నగా కనిపిస్తుంది. అంతే. గుంట పూడదు, ముడత పోదు. అమ్మేవాళ్లు చెప్పని మాట ఇది. ఈ మాత్రం నున్నదనం మంచి మాయిశ్చరైజర్ రాసుకున్నా వస్తుంది. మరి 0.5 ఎందుకు వద్దంటున్నానంటే, దానితో రక్తనాళాలున్న పొర మొదలయ్యే లోతుకు వచ్చేస్తాం. ఆ లోతులో చేసే పనికి శుభ్రత ఆసుపత్రిలో ఉన్నట్టుండాలి. మన పడకగదిలో అది కుదరదు. అమెరికాలో మందులకూ పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ కూడా ఏ మైక్రోనీడ్లింగ్ వైద్య పరికరానికీ జనం నేరుగా కొనుక్కుని వాడుకునే అనుమతి ఇవ్వలేదని చెప్తోంది. సూదులతోపాటు వేడిని కూడా లోపలికి పంపే ఆర్ఎఫ్ యంత్రాలైతే ఇంటి దరిదాపుల్లోకే రావద్దు. వాటితో కాలిన గాయాలు, మచ్చలు, మొహంలో కొవ్వు కరిగి పల్లం పడడం, నరాలు దెబ్బతినడం జరిగాయని అదే సంస్థ 2025 అక్టోబరులో హెచ్చరించింది.

మన రంగు సంగతి వేరుగా చెప్పాలి. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ. అది మనకు ఎండ నుంచి కాపు. ఆ కాపు ఉండబట్టే మన ఆడవాళ్లకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. కానీ మన చర్మానికి ఏ చిన్న దెబ్బ తగిలినా, దోమ కుట్టినా, మొటిమ గిల్లినా మానిన చోట నల్లటి మచ్చ మిగులుతుంది. రోలర్‌తో చేసేదీ దెబ్బే. మెల్లగా, అరుదుగా చేస్తే మచ్చ పడకపోవచ్చు. గట్టిగా, మాటిమాటికీ చేస్తే, ఆ మర్నాడే ఎండలో పొలానికో బండిమీద బడికో పోతే మచ్చ పడుతుంది. ఒకే గీతలో నొక్కి నొక్కి లాగితే రోలర్ వరసలు వరసలుగా చారలు మిగిలిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చర్మం రంగు ఎక్కువున్నవాళ్లకు లేజర్ కన్నా సూదుల పద్ధతే మేలని డాక్టర్లంటారు, నిజమే. అయితే వాళ్లు చెప్పేది వాళ్ల చేతి సంగతి.

మంగు ఉన్నవాళ్లు మరీ పైలం. బుగ్గల మీద, ముక్కు మీద సీతాకోకచిలుక రెక్కల్లా నల్లబడే మంగుకు ఎండ, కాన్పులు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు, వంశం అన్నీ కారణాలే. నాట్లకు, కలుపుకు పోయే అక్కలకు ఇది ఎంత తొందరగా ముదురుతుందో నీకు తెలుసు. రుద్దుడు, గీకుడు దానికి పడవు. మంగు మీద ఇంట్లో రోలర్ దొర్లించొద్దు. దానికి మొట్టమొదటి మందు ఎండ నుంచి కాపాడుకోవడం. ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడుగునా పిండి మొహానికీ మెడకూ రాసుకో. పొలంలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. రంగు కలిసిన సన్‌స్క్రీన్ మంగుకు ఇంకా మంచిది. నెత్తి మీద కొంగు, దానిమీద అంచున్న టోపీ పెట్టుకుంటే ఎవరైనా నవ్వితే నవ్వనీ. నీ దగ్గర ఒక్క వస్తువుకే డబ్బులుంటే రోలర్ కొనకు, సన్‌స్క్రీన్ కొను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా భయమేసే సంగతి. రోలర్ కన్నా ముందు మన ఇళ్లలోకి వచ్చి కూర్చున్న చిన్న ట్యూబు. మొహం తెల్లబడుతుందని పక్కింటి వదిన ఇస్తుంది, మందుల షాపులో అడిగితే చేతిలో పెడతారు, ఊరి ఆరెంపీ రాస్తాడు. వారంలో మొహం నిజంగానే తేటపడుతుంది. అందుకే మానరు. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదువు: బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఏది ఉన్నా అది స్టిరాయిడ్. కొన్నిటిలో దానికి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిపి ఉంటాయి. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట వాడితే అవి మంచి మందులే. నెలల తరబడి మొహానికి పౌడరులా రాస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, గదవ మీద వెంట్రుకలు మొలుస్తాయి, మొటిమలు పొడుస్తాయి, పొయ్యి దగ్గరికి పోతే మొహం మండుతుంది. మానేస్తే రెట్టింపై తిరిగొస్తుంది, మళ్లీ రాస్తారు. మన దేశంలో వేర్వేరు ఊళ్ల చర్మ డాక్టర్లు కలిసి 2011లో అచ్చువేసిన పరిశీలనలో, మొహం సమస్యలతో వచ్చిన 2926 మందిలో 433 మంది ఇలా స్టిరాయిడ్ రాసుకుంటున్నవాళ్లే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా ట్యూబులు చేతులు మారుతూనే ఉన్నాయి.

పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీముల గతి ఇంకా ఘోరం. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో మూత్రపిండాలు దెబ్బతిన్న కొందరికి ఎందుకిలా అయిందని డాక్టర్లు తరచి చూస్తే, వాళ్లు రాసుకుంటున్న క్రీముల్లో పాదరసం బయటపడింది. మొహానికి రాసింది కిడ్నీ దాకా పోయింది. అలాంటి క్రీము రాసే మొహం మీద సూదులతో దారులు చేస్తే ఏమవుతుందో ఇక నేను వేరే చెప్పక్కర్లేదు. స్టిరాయిడ్‌తో పలచబడ్డ చర్మం మీద రోలర్ పెట్టనే పెట్టకూడదు. ట్యూబును కూడా ఒక్కసారిగా ఆపెయ్యక డాక్టరుకు చూపించి, మెల్లగా ఎలా తగ్గించాలో అడగాలి.

ఇన్ని చెప్పినా 0.25 రోలర్ వాడాలని ఉందంటావా, అయితే వాడే పద్ధతి విను. రాత్రిపూటే చెయ్యి. ముందు చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. బీడీలు చేసే అక్కలకు ఈ మాట మరీ మరీ చెప్తున్నా, తంబాకు ధూళి గోళ్ల సందుల్లో ఉంటుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. గోళ్లు తీసుకుని, రెండుసార్లు కడుక్కుని, ఆ తర్వాతే మొహం ముట్టుకోవాలి. రోలర్‌ను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది నిమిషాలు నానబెట్టి, గాలికి ఆరనివ్వాలి. ఇది మందుల షాపులో దొరుకుతుంది. వేడినీళ్లలో మరిగిస్తే చాలనుకోవద్దు, సూదులు బిగించిన చోట పట్టు వదులుతుంది. మొహం మామూలు ఫేస్‌వాష్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వు. తర్వాత నుదురు, బుగ్గలు, గదవ, ఒక్కో చోట మూడు నాలుగుసార్లు నిలువుగా, అన్నిసార్లే అడ్డంగా. ప్రతిసారీ రోలర్‌ను పైకెత్తి పెట్టు, పెట్టిన చోటే తిప్పొద్దు. దాని బరువే దానికి చాలు, చపాతీ కర్రను నొక్కినట్టు నొక్కొద్దు. కంటి రెప్పల దగ్గరికీ పెదవుల మీదికీ పోవద్దు. రక్తం వచ్చిందంటే ఎక్కువ చేశావన్నమాట, ఆపెయ్.

ఆ తర్వాత ఏం రాయాలనే దగ్గరే చాలామంది దెబ్బతింటారు. వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ చాలు, లేదా హైలురోనిక్ ఆసిడ్ జెల్. విటమిన్ సీ, రెటినాల్, పళ్ల ఆసిడ్ల సీరం ఆ రాత్రీ మర్నాడూ వద్దు. 2014లో అమెరికా చర్మవైద్యుల పత్రికలో ముగ్గురు ఆడవాళ్ల కథ వచ్చింది. పైన రాయడానికి తయారుచేసిన సీరం, జెల్ సూదుల దారిలో లోపలికి దిగి, వాళ్ల మొహమంతా గట్టి బొడిపెలు లేచాయి. మామూలుగా రాస్తే ఏమీ చేయని వస్తువే లోపలికి పోతే ఒంటికి శత్రువవుతుంది. పసుపు కూడా వద్దంటే నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు దేశమంతా పేరుంది, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డే అక్కడ మొదలైంది, మన నలుగులో పసుపు లేకుండా శుభమే జరగదు. నలుగుకు నలుగు పెట్టుకో, హాయిగా పెట్టుకో. కానీ సూదులు దొర్లించిన రోజు వద్దు. డబ్బాలో పసుపు సూక్ష్మక్రిములు లేని వస్తువు కాదు, కల్తీ రంగు కలిసిందో లేదో మనకు తెలియదు. శనగపిండి నలుగూ అంతే, గరుకుగా రుద్దేది ఏదైనా నాలుగైదు రోజులు ఆగాలి.

రెండు వారాలకు ఒకసారి చాలు. రోజూ చేసేది మొహం కడుగుడు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. పది పన్నెండుసార్లు వాడాక సూదుల మొన మొద్దుబారుతుంది, మొద్దు సూది గుచ్చదు, చీరుతుంది. అప్పుడు పారెయ్యాలి. మూత బిగించి, గట్టి డబ్బాలో పెట్టి పారెయ్, చెత్త ఎత్తే అక్కల చేతులు కూడా చేతులే.

రోలర్ నీ ఒక్కదానిదే కావాలి. మన ఇళ్లలో దువ్వెన, కాటుక, తువ్వాల అన్నీ అందరివీ. అక్క అడిగితే ఇవ్వననడం మన నోటికి రాదు. యారాలు అడిగినా, ఆడబిడ్డ అడిగినా దీన్ని మాత్రం ఇవ్వకు, చర్మంలో గుచ్చుకున్న వస్తువు అది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఈ దారిన పాకగలవు. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో, తమ రక్తం నుంచే తీసిన ప్లాస్మాతో సూదుల ఫేషియల్ చేయించుకున్న ముగ్గురు ఆడవాళ్లకు హెచ్ఐవీ సోకింది. 2018లో బయటపడిన ఆ సంగతిని ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో వివరంగా ప్రకటించింది. తనిఖీకి పోతే వంటగది ఫ్రిజ్‌లో తిండి పక్కనే పేరు రాయని రక్తపు గొట్టాలు కనిపించాయట. ఏ ఊళ్లోనైనా పార్లర్‌లో సూదుల ఫేషియల్ అన్నారంటే, చేసేది డాక్టరేనా, నా కళ్లముందే కొత్త ప్యాకెట్ విప్పుతారా అని అడుగు. కాదంటే లేచి వచ్చెయ్. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీ.

కొందరు రోలర్‌ను అసలే ముట్టుకోకూడదు. చీము మొటిమలున్న మొహం మీద దొర్లిస్తే ఒకచోటి చీము మొహమంతా పాకుతుంది. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు సూది దిగిన చోట కొత్త మచ్చ పుట్టవచ్చు. చెవులు కుట్టిన చోటో, టీకా వేసిన చోటో చర్మం గడ్డలా ఉబ్బి పెరిగినవాళ్లకు మొహం మీద కూడా అలాగే పెరగవచ్చు. షుగరు అదుపులో లేనివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, పెదవుల దగ్గర జ్వరం పొక్కులు మాటిమాటికీ వచ్చేవాళ్లు డాక్టరును అడగకుండా చెయ్యొద్దు. కడుపుతో ఉన్నప్పుడు మానెయ్యడమే మంచిది.

తలకు దొర్లిస్తే జుట్టొస్తుందా అని కూడా అడిగావు కదా. 2013లో ముంబై డాక్టర్లు బట్టతల మొదలైన 100 మంది మగవాళ్ల మీద చేసి చూశారు. జుట్టు కోసం తలకు రాసే మినాక్సిడిల్ మందు ఒక్కటే వాడినవాళ్ల కన్నా, దాంతోపాటు వారానికోసారి 1.5 మిల్లీమీటర్ల రోలర్ చేయించుకున్నవాళ్లకు 12 వారాల్లో జుట్టు ఎక్కువ వచ్చింది. అది మగవాళ్ల బట్టతల, చేసినవాళ్లు డాక్టర్లు. నీకు రాలుతున్నది కాన్పు అయిన నాలుగో నెల జుట్టు. అది చాలామందికి ఏడాది లోపే దానంతట అదే సర్దుకుంటుంది. దానికి సూది అక్కర్లేదు.

నీకు కావలసింది రక్త పరీక్ష. మొహం వాడిపోయింది, కళ్ల కింద నల్లబడింది, కాంతి లేదు అని మనం చర్మాన్ని తిడుతుంటాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. చాలా ఇళ్లలో మొహం కాంతి లేకపోవడానికి జవాబు సీరం సీసాలో లేదు, ఐరన్ మాత్రలో ఉంది. హిమోగ్లోబిన్ చూపించుకో, థైరాయిడ్ కూడా చూపించుకో. మాత్ర వేసుకున్నాక గంట దాకా చాయ్ తాగకు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటు కూడా మానెయ్. గంజులోంచి వేడి వేడి కూర నీ కంచంలోకి ముందు వడ్డించుకునే ధైర్యం నువ్వు చేస్తే ఆ ఇంట్లో నీ బిడ్డ కూడా చేస్తుంది.

ఇంకొక్క మాట, పెళ్లిళ్లు, బతుకమ్మ దగ్గరపడుతుంటే అందరికీ తొందర పుడుతుంది. పండుగ రేపనగా రోలర్ పట్టుకునేవాళ్లుంటారు. ఎర్రగా కందిన మొహం మీద మేకప్ వేస్తే మంట, పొక్కులు. సద్దుల బతుకమ్మకు పది రోజుల ముందే సూదులు ఆపెయ్యి. ఆ పది రోజులూ నిద్ర, నీళ్లు, మాయిశ్చరైజర్ చాలు.

గుంటలకు మాత్రం డాక్టరు దగ్గరికే పో. కామారెడ్డిలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, మెడికల్ కాలేజీకి చర్మవ్యాధుల విభాగం ఉండాలన్నది నిబంధన. ఎల్లారెడ్డిలో లింగంపేట మీదుగా వచ్చే బస్సెక్కితే పొద్దున ఓపీ టైముకు చేరుకోవచ్చు. మొహం మీద మచ్చకు ఆసుపత్రికా అని సిగ్గుపడకు. పంటి నొప్పికి పోతాం, మోకాళ్ల నొప్పికి పోతాం, దీనికి పోతే తప్పేమిటి? పోయేటప్పుడు ఇప్పటిదాకా మొహానికి రాసిన ట్యూబులు, సబ్బులు, సీరం సీసాలు, ఖాళీవైనా సరే, అన్నీ ఒక సంచిలో వేసుకుని పో. ఎన్ని నెలలు రాశావో దాచకుండా చెప్పు. నా గుంటలు ఏ రకం, సూదులతో తగ్గేవేనా, ఎన్ని విడతలు పడుతుంది, ఒక్కో విడతకు ఎంత ఖర్చు, మచ్చ పడకుండా ముందూ వెనకా ఏం రాయాలి అని అడుగు. వచ్చేటప్పుడు హిమోగ్లోబిన్ పరీక్ష కాగితం కూడా చేతిలో ఉండాలి, మరువకు.